వైద్య మార్గదర్శకాలు మన మన్యానికి ఎలా సరిపోవాలి?

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి మాట్లాడాలని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, "డాక్టర్ని పిలవండి బాబూ, నేనేం చెప్తాను" అన్నాను. "డాక్టర్లు ఏటా వచ్చి చేతులు కడుక్కోమని చెప్పి వెళ్తున్నారు మేడం, ఈసారి మీరు రండి" అన్నారు. నేను టీచర్ ట్రైనింగ్ చేసి, కొన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పి, తర్వాత గిరిజన బాలికల హాస్టల్‌కి వార్డెన్‌గా వచ్చినదాన్ని. మందు రాసే అర్హత నాకు లేదు. కానీ రాత్రి రెండు గంటలకి పిల్ల ఒళ్లు కాలిపోతుంటే మొదట లేచేది వార్డెనే. డాక్టర్ రాసిన మాత్ర పిల్ల కడుపులోకి వెళ్లిందా, దిండు కిందకి వెళ్లిందా అని చూసేది కూడా వార్డెనే. అందుకని ఆ మధ్యలో జరిగే సంగతి గురించి నాలుగు మాటలు చెప్తాను.

మీలో నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. మీకు గైడ్‌లైన్స్ అనే మాట కొత్త కాదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. ఫలానా జబ్బుకి ఏ పరీక్ష చెయ్యాలి, ఏ మందు ఇవ్వాలి, బరువుని బట్టి ఎంత, ఎన్ని రోజులు, ఏ లక్షణం కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపాలి అని నిపుణులు కూర్చుని, అంతవరకు జరిగిన పరిశోధనలన్నీ ముందు పెట్టుకుని రాసేదే చికిత్సా మార్గదర్శకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకటి రాస్తుంది, మన దేశం ఒకటి రాసుకుంటుంది. ఇది చాలా మంచి పద్ధతి. ఇది లేకపోతే ఎవరికి తోచిన మందు వాళ్లు రాస్తారు, సంతలో సూది పొడిచేవాడూ డాక్టరే అవుతాడు.

టీచర్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. పాఠ్యపుస్తకం రాష్ట్రమంతటికీ ఒకటే. పాఠ్య ప్రణాళిక మాత్రం ప్రతి టీచరూ తన తరగతిని బట్టి రాసుకోవాలి. ఇంట్లో కువి మాట్లాడే పిల్లకి, ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లకి కూడికలు ఒకేలా చెప్తే ఒకరికి రావు. అలాగని కువి పిల్లకి కూడికలే మానేసి తీసివేతలతో సరిపెట్టుకోమనలేం కదా. ఇద్దరికీ రావాల్సిన లెక్క ఒకటే, చెప్పే దారి వేరు. వైద్యంలో కూడా ఇంతే. కాకపోతే ఇక్కడ దారి తప్పితే పోయేది మార్కులు కాదు.

దీనికి ఒక నిజమైన ఉదాహరణ చెప్తాను. మన దగ్గరిది కాదు, దూరదేశాలది. కానీ విన్నాక మనకెంత దగ్గరిదో మీకే తెలుస్తుంది.

రక్తహీనతకి ఐరన్ మాత్ర మంచిదని అందరికీ తెలుసు. మీరు కూడా బడిలో వారానికొకటి నీలి రంగు మాత్ర మింగినవాళ్లే. ఆ మాత్ర రుచి గుర్తొచ్చి కొందరు మొహం చిట్లిస్తున్నారు, ఇక్కడికి కనిపిస్తోంది. చాలాకాలం పాటు, రక్తహీనత ఎక్కువగా ఉన్నచోట చిన్నపిల్లలందరికీ ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇవ్వాలనే సలహా ఉండేది. దాని ఫలితం చూడడానికి దాదాపు ఒకే రకం పరిశోధన రెండు చోట్ల చేశారు. ఒకటి దక్షిణ నేపాల్‌లో, రెండోది ఆఫ్రికా పక్కన జాంజిబార్‌కి చెందిన పెంబా అనే దీవిలో. రెండూ 2006లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. నేపాల్‌లో పిల్లలకి హాని కనిపించలేదు. పెంబాలో మాత్రం ఐరన్, ఫోలిక్ యాసిడ్ తీసుకున్న పిల్లల్లో చావులు, ఆసుపత్రి పాలవడాలు కలిపి సుమారు 12 శాతం పెరిగాయి. పరిశోధనలో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు.

రెండు చోట్లా ఇచ్చినది ఒకే మాత్ర. ఊళ్లే వేరు. పెంబాలో అప్పుడు మలేరియా విపరీతంగా ఉండేది, నేపాల్‌లో పరిశోధన జరిగిన చోట ఆ బెడద లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పెంబాలోనే కొద్దిమంది పిల్లల్ని విడిగా, దగ్గరగా గమనించారు. మలేరియా వస్తే వెంటనే పరీక్ష చేసి మందు ఇచ్చారు. ఆ పిల్లల్లో నిజంగా ఐరన్ తక్కువున్నవాళ్లకి ఆ మాత్ర మేలే చేసింది. అంటే తప్పు మాత్రది కాదు. మలేరియాని పట్టించుకోకుండా ఆ మాత్ర ఒక్కటే పంచడంలో ఉంది ప్రమాదం. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సలహా మార్చుకుంది. మలేరియా ఉన్న ప్రాంతాల్లో మలేరియా నివారణ, పరీక్ష, చికిత్స ఏర్పాట్లతో పాటుగానే పిల్లలకి ఐరన్ ఇవ్వాలని రాసింది.

ఇది విని మీరెవరూ ఇంటికెళ్లి ఐరన్ మాత్రలు పారెయ్యకండి. ఆ పరిశోధన మూడేళ్లలోపు పసిపిల్లల మీద, తీవ్రమైన మలేరియా ఉన్నచోట జరిగింది. మన ఆడపిల్లలకి రక్తహీనత నిజంగానే ఉంది, మాత్ర కావాలి. నేను చెప్పేది ఒక్కటే. ఒకచోట మేలు చేసిన సలహాని ఇంకోచోటికి తెచ్చినప్పుడు, ఆ చోట ఏ జబ్బులున్నాయి, జనం ఏం తింటున్నారు, ఆసుపత్రి ఎంత దూరం అని అడిగాకే అమలు చెయ్యాలి. అడిగితే మంచిది అని కాదు, అడక్కపోతే ప్రాణాలు పోతాయి.

ఇక మన మలేరియాకి వద్దాం. మన ఏజెన్సీకి దీని గురించి ఒకరు చెప్పక్కర్లేదు. వానలు మొదలయ్యాయంటే ప్రతి హాస్టల్లోనూ రక్తపూతలు, కిట్ పరీక్షలు మామూలే. మలేరియా మందుల విషయంలో మన దేశం లోపలే తేడా ఉందని మీలో ఎంతమందికి తెలుసు? ఫాల్సిపారం మలేరియాకి మన దగ్గర ఆర్టిసునేట్‌తో పాటు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ ఇవ్వమని జాతీయ విధానం. ఈశాన్య రాష్ట్రాల్లో ఆ రెండో మందుకి పరాన్నజీవి లొంగడం మానేసిందని పరిశోధనల్లో తేలింది. అందుకని 2013 విధానంలో ఆ రాష్ట్రాలకి ఆర్టిమీథర్-ల్యూమిఫాంట్రిన్‌కి మార్చారు. ఈ మార్పు ఒక డాక్టర్‌కి తోచి చేసింది కాదు. రోగుల్ని వరసగా గమనించి, మందు పనిచెయ్యడం లేదని లెక్కతో చూపించాక మారింది. ప్రాంతానికి తగినట్టు మార్చడమంటే ఇదీ పద్ధతి.

రెండో రకం, వైవాక్స్. దీని పరాన్నజీవి కాలేయంలో దాక్కుని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. అందుకని మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు 14 రోజులు ప్రైమాక్విన్ ఇవ్వాలి. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం హాస్టల్‌కి వచ్చేసరికి ఎన్ని ముక్కలవుతుందో చూడండి.

మూడో రోజుకి జ్వరం తగ్గిపోతుంది. జ్వరం లేని పిల్ల ఇంకో 11 రోజులు మాత్ర ఎందుకు మింగుతుంది? అడిగితే "బాగైపోయింది మేడం" అంటుంది. పొద్దున్నే పరగడుపున ఇస్తే కడుపులో తిప్పి కక్కేస్తుంది. అందుకని మేం టిఫిన్ అయ్యాక, ప్లేటు కడగడానికి లేవకముందే, నీళ్లగ్లాసుతో నిలబడి ఇస్తాం. మింగాక మాట్లాడించాలి. మాట్లాడితే నోట్లో మాత్ర ఉందో లేదో తెలిసిపోతుంది. పిల్లలకి మనకంటే తెలివెక్కువ.

ఈలోగా ఆరో రోజున సంక్రాంతి సెలవులొస్తాయి. లేదంటే ఊళ్లో ఇటుకల పండగ, వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్తానంటాడు. పండక్కి పంపనంటే ఆయన ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. పుస్తకంలో సంక్రాంతి లేదు, ఇటుకల పండగ లేదు. అందుకని మేం చేసే పని ఇది. మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, ఒక కాగితం మీద ఎన్ని రోజులో అన్ని సూర్యుడి బొమ్మలు గీసి ఇస్తాం. మాత్ర వేసుకున్నరోజు ఒక సూర్యుడిని కొట్టెయ్యాలి. ఆ ఊరి ఆశా కార్యకర్తకి ఫోన్ చేసి చెప్తాం. తిరిగొచ్చినప్పుడు పెట్టెలో బట్టల కంటే ముందు ఆ కాగితం చూస్తాం. సూర్యుళ్ల కాగితం ఏ మార్గదర్శకంలోనూ లేదు. 14 రోజులు అనే అంకె మాత్రం మార్గదర్శకానిది. దాన్ని మేం ముట్టుకోలేదు.

ప్రైమాక్విన్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. జీ-6-పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువున్నవాళ్లకి ఈ మందు పడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. దేశంలో కొన్ని ఆదివాసీ సమూహాల్లో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు చెప్తున్నాయి. పరీక్ష అన్నిచోట్లా దొరకదు. అందుకని మార్గదర్శకం ఏం చెప్తుందంటే, మూత్రం నల్లగా, ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, పెదాలు నీలిరంగుకి తిరిగినా, కడుపునొప్పి వచ్చినా మందు వెంటనే ఆపేసి డాక్టర్ దగ్గరికి రావాలంటుంది. చాలా మంచి సూచన. కానీ ఆలోచించండి. పదేళ్ల పిల్ల తెల్లవారుజామున చీకట్లో బయటికెళ్లి వస్తుంది. రంగెక్కడ చూస్తుంది? చూసినా ఆ మాట మేడంతో ఎలా చెప్తుంది? సిగ్గుతో చచ్చిపోతుంది. తెలుగులో అడిగితే అన్నింటికీ "బాగుంది" అనే సమాధానం వస్తుంది.

దీనికి మా దగ్గర కుదిరిన ఉపాయం, ఆ పిల్ల భాషే మాట్లాడే పెద్ద తరగతి అక్కని తోడుగా పెట్టడం. మందు వేసుకున్నన్ని రోజులు వెలుతురొచ్చాక వెళ్లాలి, రంగు చూడాలి, అక్కకి చెప్పాలి. అక్క వచ్చి నాకు చెప్తుంది. తొమ్మిదో తరగతి పిల్లకి ఈ పని అప్పగిస్తే ఎంత శ్రద్ధగా చేస్తుందో! నాకంటే వాళ్లే నయం. మన హాస్టళ్లలో ల్యాబులు, యంత్రాలు లేకపోవచ్చు. పిల్లకి తోడుగా ఒక అక్క ప్రతి గదిలోనూ ఉంది.

ఇప్పుడు సికిల్ సెల్. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఇది మీ పెళ్లిళ్లకి సంబంధించిన సంగతి కూడా.

మన దేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించింది 1952లో, నీలగిరి కొండల్లోని ఆదివాసీల్లో. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 2047 నాటికి దీన్ని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చెయ్యాలన్నది లక్ష్యం. ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చెయ్యాలని పెట్టుకున్నారు. మీలో చాలామందికి వేలి నుంచి రక్తం తీసి ఉంటారు, కార్డు కూడా ఇచ్చి ఉంటారు.

ఈ జబ్బుకి హైడ్రాక్సీయూరియా అనే మందు ఉంది. నొప్పులు తగ్గుతాయి, రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గుతుంది. అమెరికా పద్ధతిలో కిలో బరువుకి 15 మిల్లీగ్రాముల దగ్గర మొదలుపెట్టి, తరచుగా రక్తపరీక్షలు చేస్తూ, ఒంటికి పట్టినంతవరకు పెంచుకుంటూ పోతారు. ప్రతి నెలా రక్తపరీక్ష అంటే మన కొండల మీద అయ్యే పనేనా? ఒడిశాలోని బుర్లా వైద్యులు అక్కడి రోగుల మీద కిలోకి 10 మిల్లీగ్రాముల తక్కువ మోతాదు వాడి చూశారు. నొప్పులు బాగా తగ్గాయని లెక్కలతో ప్రచురించారు. మన దేశంలో ఎక్కువగా కనిపించే సికిల్ రకంలో పసితనపు హిమోగ్లోబిన్ కాస్త ఎక్కువ మిగిలి ఉంటుంది, ఆఫ్రికా రకంతో పోలిస్తే తేడా ఉంది. కాబట్టి అక్కడి మోతాదు ఇక్కడ అక్షరాలా దించాల్సిన పనిలేదని తేలింది. బుర్లా మనకి పరాయి ఊరు కాదు. కొండలు దాటితే ఒడిశాయే, మన చుట్టాలు సగం అక్కడే ఉన్నారు.

మోతాదు సంగతి డాక్టర్లది. మా వార్డెన్ల సంగతి వేరే. సికిల్ ఉన్న పిల్ల చలికి గురికాకూడదు, నీళ్లు బాగా తాగాలి, ఒళ్లు అలిసిపోయేంత పరుగు పెట్టకూడదని పుస్తకం చెప్తుంది. ఇప్పుడు మన హాస్టల్ దినచర్య చూడండి. డిసెంబరులో చింతపల్లి, లంబసింగి వైపు చలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ చలిలో ఐదింటికి గంట కొట్టి, చన్నీళ్ల స్నానం చేయించి, మైదానంలో పరుగు పెట్టిస్తాం. క్రమశిక్షణ! సికిల్ ఉన్న పిల్లకి నొప్పి ఎలా తెప్పించాలో ఎవరైనా అడిగితే ఇంతకంటే మంచి పద్ధతి చెప్పలేం. ఇక్కడ మార్గదర్శకాన్ని హాస్టల్‌కి తగ్గట్టు మార్చడం కాదు, హాస్టల్ గంటనే మార్గదర్శకానికి తగ్గట్టు మార్చాలి.

అయితే ఆ ఒక్క పిల్లకే వేడినీళ్లిస్తే "దానికెందుకు ప్రత్యేకం" అని మిగతావాళ్లు అంటారు. రెండో రోజుకి "జబ్బుపిల్ల" అని పేరు పెడతారు. అందుకని చలికాలంలో ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ వేడినీళ్లు, అందరి బల్ల మీదా నీళ్ల సీసా. కట్టెల ఖర్చు పెరుగుతుంది, వంటామె గొణుగుతుంది. అయినా సరే, ఏ పిల్ల పేరూ బయటికి రాకుండా చెయ్యడం కూడా చికిత్సలో భాగమే అని నా నమ్మకం.

ఇంకొకటి. సికిల్ పిల్లకి జ్వరం 101 డిగ్రీలు దాటితే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించాలి. పారాసిటమాల్ ఇచ్చి తెల్లారేదాకా చూద్దాం అనే లెక్క పనికిరాదు. పట్నంలో "వెంటనే" అంటే పావుగంట. మాకు, ఫోన్ సిగ్నల్ దొరికే బండ దాకా నడవడానికే పావుగంట. ఆపైన జీపు, వాగు, ఘాట్ రోడ్డు. కాబట్టి దూరం ఎక్కువైనచోట మనం ముందుగా కదలాలి. పట్నంలో 101కి లేస్తే, మేం 100కే లేచి జీపు డ్రైవర్‌కి చెప్పి ఉంచుతాం. స్థానికంగా మార్చడమంటే తగ్గించడమే అని చాలామంది అనుకుంటారు. ఇలాంటిచోట మార్పు అంటే ఇంకా కట్టుదిట్టం చెయ్యడం.

కార్డుల మాట. వాహకులు వేరు, రోగులు వేరు. ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్లు వాహకులు. వాళ్లు మామూలుగా ఆరోగ్యంగా ఉంటారు, పనిచేస్తారు, పిల్లల్ని కంటారు. నిజానికి ఆ జన్యువు ఒకటి ఉండడం తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తుంది. మలేరియా ఉన్న నేలల మీద అది నిలబడిపోయింది అందుకే. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పెళ్లికి ముందు ఇద్దరూ కార్డులు చూసుకుని, కౌన్సెలర్‌తో మాట్లాడమన్నది మార్గదర్శకం. ఇది మన ఊళ్లలోకి ఎలా దిగుతోందో మీరు గమనించాలి. "ఫలానా ఇంటి పిల్లకి కార్డులో ఏదో ఉందంట" అన్న మాట సంతలో పాకితే ఆ పిల్లకి సంబంధాలే రావు. అబ్బాయి కార్డు ఎవరూ అడగరు, గమనించారా? మేనరికాలు ఉన్న మన ఇళ్లలో, ఒకే కుటుంబంలో ఇద్దరు వాహకులు ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి ఈ మాట ఇళ్లలో మాట్లాడాలి. మాట్లాడాల్సింది మీరు, మీ వయసువాళ్లు. ఢిల్లీలో రాసిన కాగితం మీ మేనత్తతో మాట్లాడలేదు.

అన్నీ పైనుంచి మనకే దిగుతాయని అనుకోకండి. కింది నుంచి పైకి వెళ్లినవి కూడా ఉన్నాయి. గోదావరి, ప్రాణహిత అవతల గడ్చిరోలి ఉంది. తెలంగాణకి ఆనుకుని ఉన్న జిల్లా, గోండులు, మాడియాలు ఉండే అడవి. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు సెర్చ్ అనే సంస్థ పెట్టి పనిచేస్తున్నారు. పుట్టిన బిడ్డకి జబ్బు చేస్తే ఆసుపత్రిలో చేర్చి చికిత్స చెయ్యాలన్నది అప్పటి వైద్య నియమం. ఆ ఊళ్లలో ఎవరూ చేర్చలేరు, చేర్చరు. అందుకని ఊరి ఆడవాళ్లకే నేర్పించి, బాలింత ఇంటికే పంపారు. 1995 నుంచి 1998 దాకా 39 ఊళ్లలో చేసి చూస్తే, మూడో ఏడాదికి నెలలోపు శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్‌లో వచ్చింది. 2011లో భారత ప్రభుత్వం దాన్ని దేశమంతటికీ తీసుకుంది. ఇప్పుడు మన ఊళ్లో కాన్పు అయిన ఇంటికి ఆశా అక్క 3వ రోజు, 7వ రోజు, ఇలా 42వ రోజు దాకా వస్తోంది కదా, ఆ నడక గడ్చిరోలి అడవిలో మొదలైంది.

వాళ్లు చేసిన ఒక చిన్న పరికరం నాకు చాలా ఇష్టం. నిమోనియా గుర్తుపట్టాలంటే నిమిషానికి ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, అది చేరినా దాటినా ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. చదువురాని తల్లి, మంత్రసాని 60 దాకా ఎలా లెక్కపెడుతుంది? వాళ్లకి పది దాకా వచ్చు. అందుకని నిమిషానికి సరిపోయే ఇసుక గడియారం, పక్కన పూసలు పెట్టారు. పది ఊపిర్లకి ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్రపూస దాకా వచ్చిందంటే బిడ్డకి నిమోనియా. నియమం మారలేదు. లెక్కపెట్టే చెయ్యి మారింది.

వాళ్ల ఆసుపత్రి కూడా అంతే. ఎలాంటి ఆసుపత్రి కావాలని ఆదివాసీలనే అడిగారు. పల్లెలా ఇళ్లు ఇళ్లుగా కట్టి, వాళ్ల దేవత దంతేశ్వరి పేరు పెట్టారు, చుట్టాలు తోడుండడానికి చోటిచ్చారు. మనవైపు సాలూరులో కొండమీది గర్భిణుల కోసం పెట్టిన వసతి గృహం కూడా ఇలాంటి ఆలోచనే. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలన్నది నియమం. నొప్పులు మొదలయ్యాక డోలీలో మోసుకొస్తే దారిలోనే అయిపోతుంది. కాబట్టి ముందుగానే వచ్చి ఉండండి, తిండి మేం పెడతాం అన్నారు.

ఇంత చెప్పాక ఒక అనుమానం మీకు రావాలి. రాకపోతే నేనే అడుగుతాను. "ప్రాంతానికి తగ్గట్టు" అనే మాట అడ్డం పెట్టుకుని మనకి చౌకరకం వైద్యం అంటగడితే? ఇది ఉత్త భయం కాదు. "వీళ్లు మళ్లీ రారు, 14 రోజులు ఎక్కడ వాడతారులే" అని మూడు రోజుల మాత్రలే చేతిలో పెట్టి పంపిన చోటు నేను చూశాను. "వీళ్లకి సూది పడితేనే నమ్మకం" అని అవసరం లేని సెలైన్ ఎక్కించిన చోటూ చూశాను. రెండింటికీ చెప్పిన కారణం ఒకటే, ఇక్కడి జనం ఇంతే అని. దాన్ని నేను మార్పు అనను, నిర్లక్ష్యం అంటాను. నా దృష్టిలో గీత ఇక్కడ ఉంది. ఏ వేళకి, ఎవరి చేత, ఏ భాషలో, ఏ బొమ్మతో అన్నది వార్డెన్, ఆశా, ఏఎన్ఎం మార్చవచ్చు. మోతాదు, రోజులు డాక్టర్‌వి. ఆయన కూడా కారణం కేసు షీటులో రాయాలి. మందునే మార్చాలంటే, ఈశాన్యంలో చేసినట్టు, పరిశోధన చేసి నిపుణులు మార్చాలి. ఎవరైనా గీత దాటి "మీకు ఇది చాలు" అంటే, ఏ పుస్తకంలో ఉందో చూపించమని మర్యాదగా అడగండి. అడిగే చదువు మీకుంది.

దిసారి దగ్గరికి వెళ్లేవాళ్లని వెక్కిరించకండి. మా హాస్టల్ పిల్లల్లో కొందరి తల్లిదండ్రులు ముందు దిసారికి చూపించే మా దగ్గరికి తెస్తారు. పూజ చేసుకోండి, రక్తపరీక్ష మాత్రం ఇవాళే చేయిద్దాం అంటాను. ఇన్నేళ్లలో ఆ మాటకి కాదన్నవాళ్లు చాలా తక్కువ.

చివరగా భాష సంగతి. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్లు ఇంటింటికీ తిరిగి, విరేచనాలైన పిల్లలకి మూడువేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, కొలిచిన నీళ్లు కలపడం తల్లులకి నేర్పింది. కోటీ ఇరవై లక్షలకి పైగా ఇళ్లకి వెళ్లారు. ఇప్పుడు మనకి ఓఆర్ఎస్ పొట్లాలు దొరుకుతున్నాయి, అవే వాడండి. నాకు నచ్చింది జీతం పద్ధతి. నేర్పిన ఆమెకి ఎన్ని ఇళ్లు తిరిగిందని కాకుండా, తర్వాత ఇంకొకరు వెళ్లి అడిగితే తల్లికి ఎంత గుర్తుందో దాన్ని బట్టి డబ్బులిచ్చేవారు. మా టీచర్లకి ఈ పద్ధతి పెడితే ఏమవుతుందో ఊహించుకోండి! సరే, ఆ మాట వద్దు.

మా హాస్టల్‌కి ఇప్పుడు ఒక పని కావాలి. ప్రైమాక్విన్ ఎలా వేసుకోవాలి, మూత్రం రంగు ఎందుకు చూడాలి, ఎప్పుడు ఆపాలి అన్న నాలుగు నిమిషాల మాటని కువిలో, ఆదివాసీ ఒడియాలో, మీకొచ్చిన మిగతా భాషల్లో ఫోన్‌లో రికార్డు చెయ్యాలి. తెలుగు పాఠం నేను రాసి, మా పీహెచ్‌సీ డాక్టర్ గారితో దిద్దించి తెచ్చాను. రికార్డు చేశాక ఆ భాష వచ్చిన ఒక అమ్మమ్మకి వినిపించి, ఆమెకి ఏం అర్థమైందో తిరిగి చెప్పమని అడగాలి. తప్పు చెప్తే మళ్లీ రికార్డు చెయ్యాలి. సభ అయ్యాక థింసా మొదలయ్యేలోపు నేను వెనక చింతచెట్టు కింద కూర్చుంటాను. నర్సింగ్ చదివేవాళ్లు, గొంతు బాగున్నవాళ్లు వచ్చి పేరు, భాష రాయించండి. వచ్చే వానలకి ముందే పూర్తి కావాలి.